మరుగుదొడ్డియు మాగాణియు

డెల్టా రైతు ఇంట ధాన్యపు గాదెకు ఎంత గౌరవము కలదో పెరటిలోని పెంటకుప్పకును అంత గౌరవము కలదు. పశువు వేసిన పేడ తట్టెడైనను వృథా కారాదని అతని పట్టుదల. ఎద్దు తిన్న గడ్డి ఏదో ఒక రూపమున చేనికి తిరిగి చేరవలెననుట అతనికి ఒకరు నేర్పనక్కరలేని న్యాయము. కాని అదే చేలో పండిన అన్నమును తిను మనుష్యుని దగ్గరకు వచ్చుసరికి ఈ న్యాయము ఆగిపోవుచున్నది. మన ఇంటి నుండి దినదినమును వెలువడు మలమూత్రములు ఏమగుచున్నవో, ఎచ్చటికి పోవుచున్నవో మనము అడుగము. ఆ మాట ఎత్తుటయే అమర్యాద యని మనకొక అలవాటు.

ఈ అలవాటు ఏలూరు ప్రాంతమువారికి తగినది కాదు. కృష్ణ కాలువయు గోదావరి కాలువయు కలిసికొను పట్టణమిది. తమ్మిలేరు పట్టణమును ఒరసికొని పల్లమునకు సాగును. ఆ పల్లమే కొల్లేరు. బుడమేరు, రామిలేరు, తమ్మిలేరు, గుండేరు తెచ్చిన నీరంతయు అందులో చేరి, ఉప్పుటేరు అను ఒక్క దారిన సముద్రమునకు పోవలెను. కావున ఎగువ ఊళ్ళలో మనము కాలువకు వదలినది మాయమైపోదు. అది కొల్లేటికి చేరి అచ్చట నిలుచును. కొల్లేటి లంకలలోనివారు ఆ నీటి ప్రక్కనే కాపురముండవలెను. ఆ నీటి చేపనే మనమును కొని తినవలెను.

మొదట ఒక చిన్న లెక్క చూతము. మన దేశపు ఆహారమును బట్టి శాస్త్రజ్ఞులు వేసిన అంచనాలో, ఒక మనిషి మలమూత్రముల ద్వారా ఏడాదికి సుమారు 2.7 కిలోల నత్రజని, 0.4 కిలోల భాస్వరము, 1.5 కిలోల పొటాషు వెలువడును. ఐదుగురు గల ఇంట ఏడాదికి నత్రజనియే పదమూడున్నర కిలోలు. నూటికి 46 పాళ్ళు నత్రజని గల యూరియాగా దీనిని మార్చి చూచినచో సుమారు 29 కిలోలు, అనగా నేడు అంగడిలో దొరకు 45 కిలోల బస్తాలో దాదాపు మూడింట రెండు పాళ్ళు. ఇందులో మరియొక విశేషము కలదు. ఈ నత్రజనిలో అధిక భాగము మలములో కాదు, మూత్రములో ఉన్నది. రోగకారక క్రిములలో అధిక భాగము మాత్రము మలములో ఉన్నది. ప్రకృతి వేర్వేరుగా ఇచ్చిన ఈ రెంటిని మనము నీటితో కలిపి ఒకే గొట్టములోనికి త్రోయుచున్నాము. ఎరువును పాడుచేసి, రోగమును వ్యాపింపజేసి, మరల రసాయనపు బస్తా కొరకు సహకార సంఘము ముంగిట వరుసలో నిలుచుచున్నాము. పొటాషు ఎరువునకు ముడిఖనిజము మన దేశమున దాదాపు లేదు. భాస్వరపు శిలలో అధిక భాగము విదేశముల నుండియే రావలెను.

ఈ ఎరువును వాడుకొనుట క్రొత్త యోచన కాదు. చీనా, జపాను దేశముల రైతులు శతాబ్దుల తరబడి ఊళ్ళలోని మలమును సేకరించి, మాగవేసి, పొలములకు తోలుకొనిరి. అమెరికా వ్యవసాయ శాస్త్రజ్ఞుడు ఎఫ్. హెచ్. కింగ్ ఆ పద్ధతులను స్వయముగా చూచి వ్రాసిన గ్రంథము 1911లో వెలువడినది. మన దేశమున ఆల్బర్ట్ హోవర్డు ఇందూరులో చెత్తయు పేడయు పొరలుగా పేర్చి కుళ్ళజేయు పద్ధతిని రూపొందించెను. 1939 ప్రాంతమున సి. ఎన్. ఆచార్య బెంగుళూరులో పట్టణపు చెత్తను మలముతో కలిపి గుంటలలో మాగవేయు పద్ధతిని నిరూపించెను. దానికి నేటికిని బెంగుళూరు పద్ధతి అనియే పేరు.

అయితే ఈ పద్ధతులను మెచ్చుకొనునపుడు మనము ఒక ప్రశ్నను దాటవేయరాదు. ఆ మలమును గుంట వరకు మోసినదెవరు? మన సంఘము ఆ బరువును కొన్ని కులముల నెత్తిన పెట్టినది. గంపయు చీపురును వారికి తరతరముల ఆస్తిగా ఇచ్చినది. చేతితో మలమెత్తు పనిని నిషేధించుచు 1993లో ఒక చట్టము, 2013లో మరింత కట్టుదిట్టమైన చట్టము వచ్చినవి. కోలారు బంగారు గనుల ఊరిలో, ఈ పనియే వృత్తిగా రుద్దబడిన కుటుంబమున పుట్టిన బెజవాడ విల్సన్ దీని నిర్మూలనకై జీవితమంతయు పోరాడి 2016లో మెగసేసే పురస్కారమును పొందెను. మురుగు గొట్టములలోను ట్యాంకులలోను దిగి ప్రాణములు విడిచినవారి కుటుంబములకు పది లక్షల రూపాయల పరిహారము ఇయ్యవలెనని 2014లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. 2023లో ఆ మొత్తమును ముప్పది లక్షలకు పెంచినది. తీర్పులు ఇన్ని వచ్చుటయే చావులు ఆగలేదనుటకు నిదర్శనము. కావున మరుగుదొడ్డిని గూర్చి ఏ క్రొత్త విద్య వచ్చినను మనము మొదట వేయవలసిన ప్రశ్న ఒక్కటే: ఇందులో పచ్చి మలమును మనుష్యుని చేయి తాకవలసి వచ్చునా? తాకవలసి వచ్చినచో అది ఎంత ఎరువు నిచ్చినను మనకు పనికిరాదు.

ఈ పరీక్షకు నిలిచిన వానిలో సులభమైనది జంట గుంటల మరుగుదొడ్డి. 1970లో బిందేశ్వర్ పాఠక్ బీహారులో సులభ్ సంస్థను స్థాపించి దీనికి దేశవ్యాప్తమైన ప్రచారము కలిగించెను. దీని నిర్మాణమున వింత యేమియు లేదు. దొడ్డి వెనుక రెండు గుంటలుండును. చుట్టును తేనెపట్టువలె సందులు వదలి ఇటుక కట్టుదురు, అడుగున మట్టియే. నడుమ నొక చిన్న పెట్టె ఉండి, దాని నుండి రెండు దారులు రెండు గుంటలకు పోవును. ఒక దారిని మూసి, రెండవ దానిని వాడుదురు. కొన్నేండ్లకు మొదటి గుంట నిండినపుడు దారి మార్చి రెండవ గుంటను వాడుదురు. మొదటి గుంటలోని తడి నేలలోనికి ఇంకును, క్రిములు నశించును, మలము ఒకటిన్నర రెండేండ్లకు వాసన లేని నల్లని మట్టిగా మారును. అపుడు దానిని పారతో తీసి చెట్ల పాదులలో వేయవచ్చును.

ఈ మట్టిని చేతితో ముట్టుటకు జనులు జంకుదురని పెద్దలకు తెలియును. అందుచేతనే 2017 ఫిబ్రవరిలో ఓరుగల్లు దాపున గంగదేవిపల్లిలో ఒక విచిత్రము జరిగినది. కేంద్ర ప్రభుత్వమున పారిశుద్ధ్య శాఖ కార్యదర్శిగా నుండిన పరమేశ్వరన్ అయ్యర్, వివిధ రాష్ట్రముల అధికారులు చూచుచుండగా, నిండి మాగిన గుంటలోనికి తామే దిగి ఎరువును పైకి తీసిరి. ఢిల్లీలో పెద్ద కొలువు చేయు వ్యక్తి పల్లెటూరి మరుగుదొడ్డి గుంటలో నిలుచుట వార్త అయినది. అది వార్త కావలసి వచ్చుటలోనే మన వ్యాధి మూలము కనబడుచున్నది. మాగిన ఎరువు మురికి కాదు. మన మనస్సు మాత్రము ఇంకను మాగలేదు.

ఇప్పుడు మన ప్రాంతమునకు వత్తము. గంగదేవిపల్లిలో చక్కగా పనిచేసినది కొల్లేటికోటలో అట్లే పనిచేయునని చెప్పుటకు వీలులేదు. జంట గుంటల అడుగునకును భూగర్భ జలమునకును నడుమ రెండు మీటర్ల ఎడమైనను ఉండవలెనని నియమము. పల్లపు డెల్టాలో వానకాలమున గడ్డపార ఒక జానెడు దిగిన నీరు ఊరును. నేల నల్లరేగడి, అది నీటిని త్వరగా ఇంకనీయదు. అట్టిచోట గుంట త్రవ్వినచో మలము నీటిలో నానుచుండును గాని మట్టి కాదు. అది చేతిపంపు నీటితోను, చెరువు నీటితోను కలియును. పైన కప్పు చక్కగా నున్నను క్రింద రోగము నడచుచుండును. 2014లో ప్రారంభమైన స్వచ్ఛ భారత్ ఉద్యమమున, ప్రభుత్వ లెక్కల ప్రకారము, మొదటి ఐదేండ్లలో దేశమున పల్లెలయందు పది కోట్లకు పైగా మరుగుదొడ్లు లేచినవి. బహిర్భూమికి పోవు అగచాట్లు, ముఖ్యముగా స్త్రీలకు, తగ్గినవి. ఇది గొప్ప మేలు. కాని దొడ్డి కట్టుట సగము పని. దాని క్రింద నున్న నేలను చూచి కట్టుట మిగిలిన సగము.

పల్లపు ఊళ్ళకు రెండు ఉపాయములు కలవు. ఒకటి, చుట్టును మట్టి దిబ్బ పోసి, గుంటలను నేలకన్న ఎత్తున కట్టుట. రెండవది, నీరు పోయని పొడి మరుగుదొడ్డి. ఇందులో గుంట లేదు. వరదమట్టమునకు పైగా రెండు గదులు కట్టి, వానిపై పీఠములు అమర్చుదురు. ప్రతి పీఠమునకు మూడు త్రోవలు. మలము క్రింది గదిలో పడును. మూత్రము వేరొక గొట్టమున మూతగల డబ్బాలోనికి పోవును. కడుగుకొను నీరు మూడవ త్రోవన కంకర పరచిన మడిలోనికి పోయి, అరటిచెట్లకో మెట్టతామరకో అందును. వాడిన ప్రతిసారియు గదిలో గుప్పెడు బూడిద చల్లుదురు. బూడిద తడిని పీల్చును, వాసనను అణచును, క్షారగుణముచేత క్రిములను చంపుటకు తోడ్పడును. తాడేపల్లిగూడెము చుట్టుపట్ల ధాన్యపు మిల్లులలో ఊక కాల్చగా మిగులు బూడిదకు కొదువ లేదు. తమిళనాడున కావేరి యొడ్డున ముసిరిలో ఇట్టి దొడ్లను సామాన్య కుటుంబములే వాడి చూపినవి.

ఒక గది నిండగానే మూసివేసి రెండవదానిని వాడవలెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ప్రకటించిన సూత్రముల ప్రకారము, మనవంటి వేడి దేశములలో మలమును ఏడాదికి పైగా కదల్చక నిలువయుంచవలెను. మూత్రమును ఆరు మాసములు మూసియుంచినచో ఏ పంటకైనను వాడవచ్చును. మూత తెరచినచో నత్రజని ఘాటైన వాయువుగా ఎగిరిపోవును గనుక డబ్బా బిగువుగా ఉండవలెను. వాడునపుడు నీరు కలిపి, ఆకులపై గాక మొదళ్ళలో పోసి, మట్టి కప్పవలెను. ఇచ్చట ఒక సత్యమును దాచరాదు. జంట గుంటలలో నత్రజని అధిక భాగము నేలలోనికి ఇంకిపోవును. మనకు దక్కునది నేలను గుల్లపరచు మట్టియెరువు. పొడి దొడ్డిలో నత్రజని కూడ దక్కును. కాని అది ఇంటిల్లిపాది క్రమశిక్షణను కోరును. చుట్టము వచ్చి తెలియక చెంబెడు నీరు మలపు గదిలో పోసినచో పని చెడును.

కొందరు గ్యాసు మాట అడుగుదురు. గోబరు గ్యాసువలె మనుష్యుల మలము నుండియు మండు వాయువు వచ్చును. అయితే ఒక్కరికి రోజునకు సుమారు ఒక ఘనపుటడుగు మాత్రమే. ఐదుగురి ఇంటికి ఇది వంటకు చాలదు. పశువుల పేడ తోడైననో, లేక వందలమంది ఉండు విద్యార్థి వసతిగృహములలోనో ఇది లాభసాటి.

పట్టణములలో కథ వేరు. ఏలూరు వంటి ఊళ్ళలో అనేక గృహములకు సెప్టిక్ ట్యాంకులే ఆధారము. సెప్టిక్ ట్యాంకు మలమును మాయము చేయదు. కొంత కుళ్ళజేసి, బురదను అడుగున నిలుపును. రెండు మూడేండ్లకొకసారి ఆ బురదను యంత్రముతో తోడించవలెను. తోడిన లారీ ఎచ్చట క్రుమ్మరించునని గృహస్థుడు అడుగడు. అది చాటుగా పంటబోదెలో క్రుమ్మరించినచో, మన ఇంటి శుభ్రత పరుల ఇంటి రోగముగా మారును.

దీనికి మార్గము మన తెలుగునాటనే కనబడినది. 2016లో వరంగల్లు నగరపాలక సంస్థ మలపు బురద సేకరణకు నియమావళి చేసి, దేశమున అట్లు చేసిన మొదటి నగరమైనది. మరుసటి యేడు, 2017 ఫిబ్రవరిలో, కేంద్ర ప్రభుత్వము ఈ విషయమై జాతీయ విధానమును ప్రకటించినది. వరంగల్లులోను, మన గోదావరి గడ్డమీదనే నర్సాపురములోను, ఈ బురదను శుద్ధిచేయు కేంద్రములు వెలసినవి. అచ్చటి పద్ధతి ఇది: లారీ తెచ్చిన బురదనుండి నీటిని వేరుచేయుదురు. గట్టిపదార్థమును ఎండబెట్టి, గాలి చాలినంత అందనీయక, మిక్కుటమైన వేడిమిలో మ్రగ్గజేయుదురు. కట్టె బొగ్గగునట్లు అది నల్లని బొగ్గుపొడి యగును. ఆ వేడిమిలో ఏ క్రిమియు బ్రతుకదు. ఆ పొడి నేలలో తడిని పట్టి ఉంచును. వేరుచేసిన నీటిని శుద్ధిచేసి చెట్లకు పెట్టవచ్చును. బెంగుళూరు చెంత దేవనహళ్ళిలో 2015లో నెలకొన్న కేంద్రము, ఎండిన బురదను ఊరి చెత్తతో కలిపి కంపోస్టు చేయుచు వచ్చినది.

ప్రపంచమున ఈ దిశగా జరుగు కృషి ఆశ్చర్యకరమైనది. మురుగు కాలువతో పనిలేని మరుగుదొడ్డిని కనుగొనుడని 2011లో గేట్స్ ఫౌండేషన్ శాస్త్రజ్ఞులను ఆహ్వానించినది. మలపు బురదను మండించి విద్యుత్తును, త్రాగదగిన నీటిని తీయు యంత్రమొకటి అమెరికాలో తయారైనది. ఆ నీటిని బిల్ గేట్స్ త్రాగుచున్న చిత్రమును 2015లో లోకమంతయు చూచినది. స్విట్జర్లాండులో మూత్రమును శుద్ధిచేసి, చిక్కబరచి, ఆరిన్ అను పేర ద్రవపు ఎరువుగా అమ్ముచున్నారు. అచ్చటి ప్రభుత్వము దానిని తినుపంటలకు సైతము అనుమతించినది. నైరోబీ పేటలలో మలమును సేకరించి, ఒక జాతి నల్ల ఈగ పురుగులకు వేసి, బలిసిన పురుగులను ఎండబెట్టి, పశుపక్ష్యాదుల మేతలో కలుపు పొడిగా చేయుచున్నారు. ఇట్టి పురుగుల పొడి చేపల మేతకును పనికివచ్చును. చేపల మేతకు ఏటేట ఎంతో ధనము వెచ్చించు కొల్లేటి చెరువుల రైతులు ఈ చివరి ముచ్చటను శ్రద్ధగా వినదగును.

చేపల ప్రసక్తి వచ్చినది గనుక కలకత్తా తూర్పు చిత్తడి నేలలను తలచుకొనవలెను. ఆ మహానగరపు మురుగు నీరు అచ్చటి లోతులేని చెరువులలో ఎండకు కాగి, నాచుకు ఆహారమై, నాచు చేపకు ఆహారమై, చేప నగరమునకు తిరిగి ఆహారమగుచున్నది. ధ్రువజ్యోతి ఘోష్ ఈ వ్యవస్థను లోకమునకు తెలియజేసెను. ఆ నేలలును మన కొల్లేరును ఒకేనాడు, 2002 ఆగస్టు 19న, అంతర్జాతీయ ప్రాముఖ్యముగల రామ్‌సార్ చిత్తడి నేలల పట్టికలో చేరినవి. అయితే ఒకేనాడు గౌరవము పొందిన మాత్రమున రెండును ఒకటి కావు. కలకత్తాలో మురుగును కొలతగా వదలి, కొన్నాళ్ళు నిలిపి, ఎండకు పనిచేయ వీలిచ్చెదరు. అది తరతరముల బెస్తవారి నేర్పు. మన కొల్లేటికి చేరునది కొలత లేక, అదుపు లేక చేరుచున్నది. అందులో రసాయనపు మందులును కలియుచున్నవి. 1999లో ప్రభుత్వము పక్షుల అభయారణ్యముగా ప్రకటించిన సరస్సిది. కావున కలకత్తాను చూపి కొల్లేటిలోనికి మురుగును వదలుట సమర్థించుకొనరాదు. ఊరిలోని మురుగు ఊరి పొలిమేరలోనే శుద్ధి కావలెననుటయే కలకత్తా చెప్పు పాఠము.

ఇంతటితో అంతయు నిర్భయమని తలచరాదు. ఏలికపాముల గ్రుడ్లు మొండివి. మాసముల తరబడి బ్రతికియుండును. గడువు నిండని ఎరువును ఆకుకూరలకును, పచ్చిగా తిను ముల్లంగి, ఉల్లి మొదలగు వానికిని ఎన్నడును వేయరాదు. కొబ్బరి, అరటి, మామిడి వంటి చెట్లకు వేసి మట్టి కప్పుట మొదటి మెట్టు. కర్మాగారముల మురుగు కలిసిన బురదలో సీసము మొదలగు లోహము లుండవచ్చును. దానిని పొలమునకు తేరాదు. మన మట్టికి, మన పంటలకు ఏ మోతాదు తగునో పరీక్షించి చెప్పుటకు తాడేపల్లిగూడెము చెంత వెంకటరామన్నగూడెములో ఉద్యాన విశ్వవిద్యాలయము కలదు. ఊరి పంచాయతీలు అచ్చటి పండితులను అడిగి, ఒక్కొక్క తోటలో ఒక్కొక్క వరుసనైనను వేసి చూచుట మేలు.

గృహస్థులు చేయదగినవి కొన్ని కలవు. క్రొత్త దొడ్డి కట్టునపుడు మేస్త్రీని నాలుగు మాటలు అడుగుదము. గుంట ఒకటియా, రెండా? రెండైనచో దారి మార్చు పెట్టె ఉన్నదా? వానకాలమున నీరు ఎంత లోతున పడును? సెప్టిక్ ట్యాంకు నుండి వెలువడు నీరు వీధి కాలువలోనికి పోవునా, ఇంకుడు గుంటలోనికి పోవునా? ట్యాంకు నిండినపుడు యంత్రమునే పిలుతుము గాని మనిషిని దింపము. పది రూపాయలు తక్కువకు దిగువాడు దొరకినను దింపము. ఆ ట్యాంకులోని విషవాయువు క్షణములో ప్రాణము తీయును. లారీ వచ్చినపుడు, ఈ బురదను ఎచ్చట దింపెదవని అడుగుదము. ఊరి సభలో పురపాలకులను అదియే అడుగుదము. పదిమంది అడిగినచో జవాబు చెప్పవలసి వచ్చును. జవాబు చెప్పవలసి వచ్చినచో కేంద్రము కట్టవలసి వచ్చును.

పెంటకుప్పను గౌరవించు రైతు మూర్ఖుడు కాడు. నేలనుండి తీసికొన్నది నేలకు చెల్లించవలెనని అతనికి తెలియును. ఈ బాకీలో మన వంతును ఇన్నాళ్ళు కాలువకు వదలి, దాని భారమును కొందరు అభాగ్యుల నెత్తిన పెట్టి, మిగిలినదానిని కొల్లేటికి పంపితిమి. ఎవరి చేయియు మలినము కాకుండ, ఎవరి నీరును చెడకుండ, ఆ బాకీని చెల్లించు సాధనములు నేడు చేతికి అందినవి. మన నేలకు తగినదానిని ఎన్నుకొని కట్టుకొనుటయే మిగిలియున్నది.